కోణాలకు పేరు పెట్టడం, కొలవడం ఎలా? ఆరో తరగతి పిల్లలకూ, వారికి పాఠం చెప్పే పెద్దలకూ

కోణాల పాఠం దగ్గర తడబడే పిల్లల్లో చాలామందికి కొలవడం రాకపోవడం అసలు ఇబ్బంది కాదు. ప్రశ్న ఏ కోణం గురించి అడుగుతోందో పటంలో తేల్చుకోలేకపోవడమే ఇబ్బంది. ప్రశ్నలో ∠ఏఓసీ అని ఉంటే వేలు ఎక్కడ పెట్టాలో తెలియక, కంటికి మొదట కనిపించిన మూలను పట్టుకొని లెక్క మొదలుపెడతారు. లెక్కంతా సరిగానే చేసినా జవాబు తప్పుతుంది. అందుకే ఈ వ్యాసంలో కొలత కంటే పేరుకే ఎక్కువ చోటు ఇస్తున్నాను. పేరును సరిగా చదవడం, సరిగా రాయడం అలవాటైతే, పై తరగతుల్లో వచ్చే ఆసన్న కోణాలు, రేఖీయ ద్వయాలు, శీర్షాభిముఖ కోణాలు కొత్తగా బట్టీ పట్టవలసిన విషయాలుగా ఉండవు. బడి పుస్తకాల్లో బిందువులకు ఇంగ్లీషు పెద్ద అక్షరాలు వాడతారు కాబట్టి, ఇక్కడ వాటినే పలికినట్టుగా తెలుగు లిపిలో రాస్తున్నాను.

ముందుగా కోణం ఎలా ఏర్పడుతుందో చూద్దాం. ఒక బిందువు దగ్గర మొదలై ఒకే దిక్కుకు అంతు లేకుండా సాగే గీతను కిరణం అంటారు. ఒకే బిందువు నుంచి రెండు కిరణాలు బయలుదేరితే అక్కడ కోణం ఏర్పడుతుంది. ఆ ఉమ్మడి బిందువు శీర్షం, ఆ రెండు కిరణాలు కోణానికి భుజాలు. మొదట రెండు కిరణాలూ ఒకదాని మీద ఒకటి ఉన్నాయనుకొని, శీర్షాన్ని కదలనివ్వకుండా ఒక దాన్ని మాత్రమే తిప్పుకుంటూ పోతే, అది ఎంత మేరకు తిరిగిందో అదే కోణ పరిమాణం. మూసి ఉన్న తలుపును కొంచెం తెరిచినప్పుడు గడపకూ తలుపు కింది అంచుకూ మధ్య ఏర్పడేది కోణమే. దాని శీర్షం మడతబందు దగ్గర ఉంటుంది. తలుపును ఇంకా తెరిస్తే కోణం పెరుగుతుంది, తలుపు వెడల్పు మాత్రం మారదు.

ఈ చివరి మాటను పిల్లల మనసులో గట్టిగా నాటాలి. రెండు సెంటీమీటర్ల భుజాలతో ఒక కోణం, అదే పరిమాణంలో పది సెంటీమీటర్ల భుజాలతో మరొక కోణం గీసి, ఏది పెద్దదని అడిగితే, ఎక్కువమంది పిల్లలు రెండోదే పెద్దదంటారు. అది తప్పని చెప్పి ఊరుకుంటే సరిపోదు. మొదటి కోణాన్ని పల్చటి కాగితం మీద దించి, ఆ కాగితాన్ని రెండో కోణం మీద శీర్షం శీర్షానికి, భుజం భుజానికి కలిసేలా పెట్టించాలి. రెండో భుజం కూడా సరిగ్గా కలిసిపోవడం పిల్లవాడు తన కళ్లతో చూశాక ఆ అనుమానం మళ్లీ రాదు. భుజాలు కిరణాలు కనుక వాటికి నిజానికి పొడవే లేదు. మనం కాగితం మీద గీసేది వాటిలో కొంత భాగమే.

ఇక పేరు విషయం. కోణాన్ని మూడు అక్షరాలతో రాస్తారు. ఒక భుజం మీది బిందువు ఏ, శీర్షం ఓ, రెండో భుజం మీది బిందువు బీ అయితే ఆ కోణం పేరు ∠ఏఓబీ. శీర్షం ఎప్పుడూ నడుమనే ఉండాలి. చివరి అక్షరాలు రెండూ తారుమారైనా నష్టం లేదు. ∠ఏఓబీ, ∠బీఓఏ ఒకే కోణం. కానీ ∠ఓఏబీ అని రాస్తే శీర్షం ఏ దగ్గరకు వెళ్లిపోయి, పూర్తిగా వేరే కోణం అవుతుంది. పేరు చదవడానికి నేను పిల్లలకు చెప్పే పద్ధతి ఒకటే. పటం మీద మొదటి అక్షరం దగ్గర వేలు పెట్టి, గీత వెంట రెండో అక్షరం దాకా జరిపి, అక్కడి నుంచి మూడో అక్షరం వైపు తీసుకువెళ్లాలి. వేలు మలుపు తిరిగిన చోటే శీర్షం, వేలు నడిచిన రెండు దారులే భుజాలు. పేరు రాయవలసి వచ్చినప్పుడు కూడా ఇలాగే వేలితో నడిచి, దారిలో తగిలిన అక్షరాలను ఆ వరుసలోనే రాయాలి.

శీర్షం ఒక్కటే చెబితే చాలదా, మూడు అక్షరాలు ఎందుకని పిల్లలు అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. దీనికి జవాబు చెప్పడానికి కడప వాళ్లకు ఏడు రోడ్ల కూడలి కంటే మంచి పటం దొరకదు. కూడలి నడుమను ఓ అనే బిందువుగా అనుకొని, అక్కడి నుంచి బయలుదేరే ఏడు రోడ్లనూ ఏడు కిరణాలుగా నోటుపుస్తకంలో గీయండి. రోడ్ల నిజమైన వంపులు, వెడల్పులు ఇక్కడ అక్కర్లేదు. గడియారపు ముల్లు తిరిగే వరుసలో వాటి మీద ఏ, బీ, సీ, డీ, ఈ, ఎఫ్, జీ అనే బిందువులు గుర్తించండి. ఇప్పుడు ఎవరైనా ∠ఓ ఎంత అని అడిగితే ఏమని చెబుతాం? పక్కపక్కనే ఉన్న రోడ్ల మధ్య కోణాలే ఏడు ఉన్నాయి. ఒక రోడ్డును వదిలి తరువాతి దానితో కలిపితే ∠ఏఓసీ, ∠బీఓడీ వంటివి వస్తాయి. ఏ రెండు రోడ్లను తీసుకున్నా ఒక జత అవుతుంది కాబట్టి, మొదటి రోడ్డుకు మిగిలిన ఆరింటితో ఆరు జతలు, రెండోదానికి కొత్తగా ఐదు, ఆ తరువాత నాలుగు, మూడు, రెండు, ఒకటి, మొత్తం 21 జతలు. ఒక్కొక్క జతకు ఇటువైపు ఒక కోణం, అటువైపు చుట్టూ తిరిగి వచ్చే కోణం మరొకటి ఉంటాయి కనుక లెక్క 42కు చేరుతుంది. ఇన్ని కోణాలకు శీర్షం ఒక్కటే అయినప్పుడు, ఆ శీర్షం పేరు ఒక్కటే చెబితే ఏ కోణమో ఎవరికీ తెలియదు. ఆటో డ్రైవరుకు ఏడు రోడ్ల దగ్గర మలుపు తిప్పు అని మాత్రమే చెబితే అతడు కూడా ఏ రోడ్డు నుంచి ఏ రోడ్డుకు అని అడుగుతాడు. మూడక్షరాల పేరు చెప్పేది సరిగ్గా ఆ సంగతే.

కాబట్టి శీర్షం దగ్గర ఒకే ఒక కోణం ఉన్నప్పుడు ∠ఓ అని ఒక్క అక్షరంతో రాయవచ్చు, అంతకంటే ఎక్కువ ఉంటే రాయకూడదు. ఏబీసీ త్రిభుజంలో ∠ఏ, ∠బీ, ∠సీ అని రాసినా ఎవరూ తికమకపడరు. అదే త్రిభుజంలో ఏ నుంచి ఎదుటి భుజం బీసీ మీదికి ఏడీ అనే గీత గీసిన మరుక్షణం ఏ దగ్గర మూడు కోణాలు తయారవుతాయి: ∠బీఏడీ, ∠డీఏసీ, వాటిని రెండింటినీ కలుపుకొన్న ∠బీఏసీ. డీ దగ్గర రెండు కోణాలు పుట్టాయి. బీ, సీ దగ్గర మాత్రం ఒక్కొక్కటే ఉన్నాయి కనుక అక్కడ పాత పేర్లు చెల్లుతాయి. పరీక్షల్లో మార్కులు పోయేది ఎక్కువగా ఈ మలుపు దగ్గరే. పటంలో కొత్త గీత చేరిన ప్రతిసారీ పాత పేర్లను ఒకసారి సరిచూసుకోవాలి.

ఒకే కోణానికి ఎన్నో పేర్లు ఉండవచ్చునన్నది కూడా పిల్లలను కలవరపెడుతుంది. కూడలి పటంలో ఏ ఉన్న రోడ్డు మీదనే ఇంకొంత దూరంలో పీ అనే బిందువు ఉందనుకోండి. ∠ఏఓబీ, ∠పీఓబీ రెండూ ఒకే కోణం, ఎందుకంటే ఓఏ, ఓపీ ఒకే కిరణం. పేరులోని చివరి అక్షరాలు భుజం ఏ దిక్కుకు పోతోందో చూపడానికే తప్ప అది ఎక్కడ ఆగిందో చెప్పడానికి కావు. పటం మరీ గజిబిజిగా ఉంటే కోణం లోపల చిన్న చాపం గీసి 1, 2, 3 అని అంకెలు వేసి, ∠1, ∠2 అని రాసుకోవచ్చు. అయితే చాపాన్ని జాగ్రత్తగా గీయాలి. మనం మాట్లాడేది లోపలి కోణం గురించా, చుట్టూ తిరిగి వచ్చే కోణం గురించా అన్నది ఆ చాపాన్ని బట్టే తెలుస్తుంది. ఏ గుర్తూ లేకపోతే, 180 డిగ్రీలకు మించని కోణాన్నే తీసుకోవడం వాడుక.

కోణాల రకాలను గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. లంబకోణం 90 డిగ్రీలు. సున్నాకు మించి 90కి లోపు ఉంటే అల్పకోణం, 90 దాటి 180కి లోపు ఉంటే అధికకోణం, సరిగ్గా 180 అయితే సరళకోణం, 180 దాటి 360కి లోపు ఉంటే పరావర్తన కోణం, 360 అయితే సంపూర్ణ కోణం. కాంతి పాఠంలో అద్దం దగ్గర వచ్చే పరావర్తన కోణం వేరని మాత్రం పిల్లలకు ముందే చెప్పి ఉంచాలి. ఈ పట్టికలో అన్నిటికీ ఆధారం లంబకోణమే. క్రీస్తు పూర్వం 300 ప్రాంతపు గ్రీకు గణితవేత్త యూక్లిడ్ డిగ్రీల మాటే ఎత్తకుండా లంబకోణాన్ని నిర్వచించాడు: ఒక సరళరేఖ మీద మరొక రేఖ నిలబడినప్పుడు రెండు పక్కలా ఏర్పడిన కోణాలు సమానంగా ఉంటే, ఒక్కొక్కటీ లంబకోణం. దానికంటే చిన్నది అల్పకోణం, పెద్దది అధికకోణం అన్నాడు. కాగితాన్ని ఎలాగైనా ఒకసారి మడిచి, ఆ మడత అంచు తనమీద తాను పడేలా రెండోసారి మడిస్తే ఏర్పడే మూల సరిగ్గా ఈ నిర్వచనమే. ఆ కాగితపు మూలను జేబులో పెట్టుకొని ఇంట్లోని మూలలన్నిటినీ పోల్చి చూస్తే, అల్పకోణమో అధికకోణమో చెప్పడానికి ఏ పరికరమూ అక్కర్లేదు.

చుట్టూ ఒక పూర్తి తిరుగుడును 360 భాగాలు చేయడం బాబిలోనియా ఖగోళ గణకుల నుంచి వచ్చింది. వారి సంఖ్యామానం 60 ఆధారంగా నడిచేది. డిగ్రీకి 60 నిమిషాలు, నిమిషానికి 60 సెకన్లు కూడా ఆ వారసత్వమే. 360ని శేషం లేకుండా భాగించే సంఖ్యలు 24 ఉన్నాయి కాబట్టి సగం, మూడోవంతు, పావు, ఐదోవంతు, ఆరోవంతు, ఎనిమిదోవంతు అన్నీ పూర్ణసంఖ్యల్లోనే వస్తాయి. ఏడోవంతు మాత్రం రాదు. కూడలి పటంలోని ఏడు కిరణాలనూ సమాన దూరాల్లో గీయాలంటే ఒక్కొక్క కోణం సుమారు 51.4 డిగ్రీలు కావాలి.

కొలిచే ముందు అంచనా వేయడం తప్పనిసరి అని నా అభిప్రాయం. అంచనా లేకుండా పరికరం పట్టుకున్నవారు 40 డిగ్రీల కోణాన్ని 140 అని రాసి, తప్పును గమనించకుండా పేజీ తిప్పేస్తారు. అంచనా అలవాటు కావడానికి ఒక పాత ఉపాయం ఉంది. చేయి పూర్తిగా చాచి పిడికిలి బిగిస్తే, దాని వెడల్పు మన కంటి దగ్గర సుమారు 10 డిగ్రీల కోణం చేస్తుంది. రాత్రిపూట మేడ మీద ఉత్తరానికి తిరిగి, క్షితిజరేఖ నుంచి పైకి ఒకటిన్నర పిడికిలి కొలిస్తే ధ్రువనక్షత్రం అక్కడే ఉంటుంది. ఎందుకంటే ధ్రువనక్షత్రం ఎత్తు ఆ ఊరి అక్షాంశానికి దాదాపు సమానం; కడప అక్షాంశం సుమారు 14.5 డిగ్రీలు, అనంతపురానిది 14.7, కర్నూలుది 15.8. ఇక్కడ శీర్షం మన కన్ను, ఒక భుజం ఉత్తర దిగంతానికి, రెండో భుజం నక్షత్రానికి. ఈ కోణానికి కూడా మూడక్షరాల పేరు పెట్టించండి.

ఇప్పుడు జామెట్రీ బాక్సులోని కోణమానిని తీసుకోండి. దాన్ని వెలుతురుకు పట్టి చూస్తే, కింది అంచుకు కొంచెం పైన ఒక అడ్డగీత, ఆ గీత నడుమ ఒక చిన్న గుర్తు కనిపిస్తాయి. ఆ గుర్తే కేంద్రం, ఆ అడ్డగీతే ఆధారరేఖ. చాలామంది పిల్లలు ప్లాస్టిక్ అంచునే కోణభుజం మీద ఆనిస్తారు. దానివల్ల శీర్షం కేంద్రం కింద ఉండిపోయి రీడింగు కొన్ని డిగ్రీలు తేడాగా వస్తుంది. కేంద్రాన్ని శీర్షం మీద, ఆధారరేఖను ఒక భుజం మీద సరిగ్గా ఉంచాలి. రెండో భుజం అంకెల దాకా చేరకపోతే స్కేలుతో పొడిగించాలి. పొడిగించినా కోణం మారదని ఇంతకుముందే చూశాం. కోణమానిని మీద రెండు వరుసల అంకెలు ఉంటాయి, ఒకటి ఎడమ నుంచి కుడికి, మరొకటి కుడి నుంచి ఎడమకు. ఏ వరుస చదవాలన్న సందేహానికి ఒకటే సమాధానం: మొదటి భుజం ఏ వరుసలోని సున్నా మీద పడిందో, ఆ వరుసనే పట్టుకొని 10, 20, 30 అని లెక్కపెట్టుకుంటూ రెండో భుజం దాకా వెళ్లాలి. వచ్చిన అంకెను ముందు వేసుకున్న అంచనాతో పోల్చి, అల్పకోణమని కంటికి కనిపిస్తున్నదానికి 90 కంటే పెద్ద అంకె వస్తే వరుస మారిపోయిందని గ్రహించాలి. పరావర్తన కోణాన్ని కొలవాలంటే లోపలి కోణాన్ని కొలిచి 360 నుంచి తీసివేస్తే చాలు. జవాబును ∠ఏఓబీ = 40° అని పేరుతో సహా రాయాలి; ఒట్టి 40° అని రాస్తే దేని కొలతో తెలియదు.

వృత్తలేఖినితో 60 డిగ్రీలు గీయడం తేలిక. ఒక కిరణం గీసి, శీర్షం కేంద్రంగా కిరణాన్ని ఖండించేలా ఒక చాపం గీసి, ఖండన బిందువు నుంచి అదే వ్యాసార్ధంతో ఆ చాపాన్ని ఖండించి, ఆ బిందువును శీర్షంతో కలిపితే సరి. అక్కడ సమబాహు త్రిభుజం దాగి ఉంటుంది. ఆ 60 డిగ్రీల కోణాన్ని సమద్విఖండన చేస్తే, అంటే రెండు సమభాగాలు చేస్తే 30, మళ్లీ చేస్తే 15. కానీ 60ని మూడు సమభాగాలు చేసి 20 డిగ్రీలు తెప్పించడం కేవలం స్కేలు అంచు, వృత్తలేఖినితో సాధ్యం కాదు. 1837లో వాంజెల్ అనే ఫ్రెంచి గణితవేత్త దీన్ని నిరూపించాడు.

రెండేసి కోణాల మధ్య సంబంధాల దగ్గర పేర్ల విలువ బాగా తెలుస్తుంది. ఏబీ, సీడీ అనే రెండు సరళరేఖలు ఓ దగ్గర ఖండించుకున్నాయనుకుందాం. ఏ, బీ ఒక రేఖ మీద ఓకు అటూ ఇటూ, సీ, డీ రెండో రేఖ మీద ఓకు అటూ ఇటూ ఉన్నాయి. ∠ఏఓసీ, ∠సీఓబీ అనే రెండు పేర్లను పక్కపక్కన పెట్టి చూడండి. రెండింటిలోనూ నడుమ ఓ ఉంది, అంటే శీర్షం ఒకటే. రెండింటిలోనూ సీ ఉంది, అంటే ఓసీ ఉమ్మడి భుజం. మిగిలిన భుజాలు ఓఏ, ఓబీ ఆ ఉమ్మడి భుజానికి చెరొక వైపున ఉన్నాయి కాబట్టి ఇవి ఆసన్న కోణాలు. పైగా ఏ, ఓ, బీ ఒకే సరళరేఖ మీద ఉన్నాయి కనుక ఇవి రేఖీయ ద్వయం. వీటి మొత్తం 180. ఈ చివరి రెండు విషయాలకు పటం చూడక తప్పదు, ఎందుకంటే ఉమ్మడి అక్షరం ఉన్నంత మాత్రాన కోణాలు ఆసన్నం కావు. కూడలి పటంలో ∠ఏఓబీ, ∠ఏఓసీ రెండింటికీ ఓఏ ఉమ్మడి భుజమే అయినా, మొదటిది రెండోదాని లోపలే ఇమిడి ఉంది.

రెండు రేఖలు ఖండించుకున్న పటంలోనే ∠ఏఓసీ, ∠బీఓడీ పేర్లలో శీర్షం తప్ప ఉమ్మడి అక్షరం ఏదీ లేదు. మొదటి పేరులోని ఏకు ఎదురుగా బీ, సీకి ఎదురుగా డీ ఉన్నాయి. ఇవి శీర్షాభిముఖ కోణాలు, ఎప్పుడూ సమానం. దీనికి కారణం కూడా పేర్లతోనే చెప్పవచ్చు: ∠ఏఓసీ, ∠సీఓబీ కలిస్తే 180, ∠సీఓబీ, ∠బీఓడీ కలిసినా 180, రెండు చోట్లా ఉన్న ∠సీఓబీని తీసివేస్తే మిగిలినవి సమానం కాక తప్పదు. ∠ఏఓసీ 55 డిగ్రీలైతే ∠బీఓడీ 55, ∠సీఓబీ, ∠డీఓఏ ఒక్కొక్కటి 125. నాలుగూ కలిపితే 360 వస్తోందో లేదో సరిచూసుకోవాలి. పూరక కోణాలు (మొత్తం 90), సంపూరక కోణాలు (మొత్తం 180) మాత్రం పక్కపక్కన ఉండవలసిన పని లేదు. ఒకటి ఈ పేజీలో, మరొకటి ఆ పేజీలో ఉన్నా మొత్తం సరిపోతే చాలు.

ఇదంతా నోటుపుస్తకానికే పరిమితమని పిల్లలు అనుకోకుండా, ఇంట్లో నేల మీద ఒకసారి చేయించడం మంచిది. మన వైపు ఇళ్లలో కడప బండలు పరిచేటప్పుడు బేల్దారి ముందుగా గది మూల లంబకోణమో కాదో చూస్తాడు. మూల ఒక్క డిగ్రీ తప్పినా, పది అడుగుల గోడ చివరకు వెళ్లేసరికి తేడా దాదాపు రెండు అంగుళాలు అవుతుంది. అప్పుడు గోడ పక్క వరుసలో ప్రతి బండనూ ఏటవాలుగా కోయవలసి వస్తుంది. అతడు వాడే పద్ధతి టేపుతోనే జరుగుతుంది. మూల నుంచి ఒక గోడ వెంట 3 అడుగుల దగ్గర, రెండో గోడ వెంట 4 అడుగుల దగ్గర గుర్తులు పెట్టి, ఆ రెండు గుర్తుల మధ్య దూరం కొలుస్తాడు. అది సరిగ్గా 5 అడుగులైతే లంబకోణం. తక్కువైతే అల్పకోణం, ఎక్కువైతే అధికకోణం. అర అంగుళం ఎక్కువ వచ్చిందంటే ఆ మూల దాదాపు 91 డిగ్రీలన్నమాట. పెద్ద గది అయితే 6, 8, 10 అడుగులు తీసుకోవాలి. అప్పుడు అదే ఒక డిగ్రీ తప్పు ఒక అంగుళంగా కనిపిస్తుంది కాబట్టి పట్టుకోవడం తేలిక.

పిల్లల చేత గది నాలుగు మూలలకూ వరుసగా ఏ, బీ, సీ, డీ అని సుద్దముక్కతో రాయించండి. వరుస తప్పకుండా గోడల వెంట నడుస్తూనే రాయాలి, ఒక మూల నుంచి ఎదుటి మూలకు దూకకూడదు. ఏ దగ్గరి కోణం ∠డీఏబీ, బీ దగ్గరిది ∠ఏబీసీ, సీ దగ్గరిది ∠బీసీడీ, డీ దగ్గరిది ∠సీడీఏ. ఒక్కొక్క మూలలో 3, 4 అడుగుల గుర్తులు పెట్టి, మధ్య దూరం కొలిపించి, ఆ అంకెను ఆ కోణం పేరు పక్కనే రాయించండి. చతుర్భుజంలో నాలుగు కోణాల మొత్తం 360 కనుక, ∠డీఏబీ 91 వచ్చి, ∠ఏబీసీ, ∠బీసీడీ సరిగ్గా 90 చొప్పున ఉంటే, ∠సీడీఏ 89 ఉండి తీరాలి. అక్కడ టేపు 5 అడుగులకు అర అంగుళం తక్కువ చూపాలి. అలా చూపకపోతే గుర్తులు పెట్టిన చోటును, గోడ అడుగున సిమెంటు ఉబ్బెత్తుగా ఉందేమో దాన్ని చూసి, ఆ మూలను మళ్లీ కొలవండి.